వెనక బండికో వరం

వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట మన ఊళ్ళలో ఏ అరుగు మీద చూసినా ఒకటో రెండో ఫోన్లూ, వాటి చుట్టూ నలుగురు పిల్లలూ కనిపిస్తారు. అది టెక్కలి దగ్గరి పల్లె కావచ్చు, చీపురుపల్లిలో సందు కావచ్చు. గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకో, హైదరాబాదుకి కట్టుబడి పనికో వెళ్ళిన తండ్రి సాయంత్రం వీడియో కాల్ చేస్తాడని ఇంట్లో ఉంచిన ఫోన్ అది. అంతవరకూ అది పిల్లలది. తెరమీద చిన్న చిన్న బండ్లు పరుగెడుతుంటాయి. వాటిలో కూర్చున్నవాళ్ళు పిల్లలకి కొత్తవాళ్ళు కారు, యానిమేషన్ సినిమాల్లోనూ టీవీలోనూ ఎన్నాళ్ళుగానో ఎరిగినవాళ్ళే. ఈ ఆటలో మనసుని పట్టుకుని వదలని సంగతి ఒకటుంది. ఐదేళ్ళ చెల్లెలు పదేళ్ళ అన్నని పరుగులో ఓడించలేదు, కబడ్డీలో ఓడించలేదు, అష్టాచెమ్మాలో కూడా లెక్క తప్పి ఓడిపోతుంది. ఈ బండ్ల పందెంలో మాత్రం అప్పుడప్పుడూ గెలుస్తుంది. ఓడిన అన్న అనే మాట ఎక్కడైనా ఒకటే: ‘ఇది అన్యాయం, ఆట దానికే సాయం చేసింది.’ సాయం చేసిన మాట నిజమే. కానీ సాయం అందినంత మాత్రాన గెలుపు అన్యాయమైపోతుందా? చిన్నపిల్లల తగవే అయినా, దాన్ని విప్పుతూ పోతే మనం పెద్దవాళ్ళం ఇప్పటికీ తేల్చుకోలేని ప్రశ్న ఒకటి లోపల కనిపిస్తుంది.

ముందు ఈ ఆట రూపం చూద్దాం. కార్ట్ అంటే నేలకి ఆనుకున్నట్టుండే నాలుగు చక్రాల చిన్న బండి. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రానికి వాడే ఇంజనుని ఒక ఇనప చట్రానికి బిగించి మొదటి గో-కార్ట్ తయారుచేశాడంటారు. మన తాటితోపుల్లో పిల్లలు తాటిబుర్రలకి కర్ర గుచ్చి తోలుకునే బండికీ దానికీ పుట్టుకలో తేడా పెద్దగా లేదు: చేతికి దొరికినదాంతో వేగాన్ని తయారుచేసుకోవడమే రెండింటిలోనూ ఉంది. ఆ కార్ట్ వీడియో గేముల్లోకి వచ్చాక, పేరున్న యానిమేషన్ సినిమాలు చాలా తమ పాత్రల్ని అందులో కూర్చోబెట్టాయి. 2002లో ష్రెక్ పేరిట ఒక కార్ట్ ఆట వచ్చింది. 2009లో మడగాస్కర్ సినిమా జంతువులు కార్టులెక్కాయి. 2023లో డ్రీమ్‌వర్క్స్ సంస్థ తన సినిమాలు చాలావాటిని కలిపి ఒకే పందెంలో దించింది. ష్రెక్, పాండా పో, డ్రాగన్ల హికప్, బాస్ బేబీ ఒకే గీత మీద నిలబడ్డారు. మన దగ్గరా ఇదే జరిగింది. హైదరాబాదులో రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ నుంచి 2008లో చోటా భీమ్ టీవీలోకి వచ్చాడు. 2012లో దమ్యాన్ శాపం కథతో సినిమా హాళ్ళకి ఎక్కాడు. ఆ తరవాత 2016లో హిమాలయాల కథతో, 2019లో కుంగ్‌ఫూ కథతో సినిమాలు వచ్చాయి. ముంబైకి చెందిన నజారా సంస్థ ఆ భీముణ్ణి ఫోన్లలో బండెక్కించి పరుగు పందెంలోకి దించింది.

పెద్దల మొదటి అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. కథలో ఢోలక్‌పూర్ అనే ఊరి కుర్రాడైన ఈ భీముడంటే బలం. లడ్డూ తింటాడు, కొండలాంటి రాక్షసుణ్ణి ఎత్తి కుదేస్తాడు. అలాంటివాణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెడితే ఆ బలానికి పనేముంది? కథలో వాడి గుణం వాడి చేతుల్లో ఉంది. బండిలో ఆ చేతులు స్టీరింగ్ తిప్పడానికి తప్ప మరి దేనికీ పనికిరావు. పక్క బండిలో స్నేహితురాలు చుట్కీ, ఆ పక్కన కోతి జగ్గూ, వెనక ఎప్పుడూ పోటీకొచ్చే కాలియా ఉంటే, భీముడికీ వాళ్ళకీ తేడా బొమ్మలోనే తప్ప ఆటలో లేదు. ఇది పాత్రని డొల్ల చేసి పేరుని అమ్ముకోవడమే కదా అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. పేరు చూపించి అంటగట్టడానికి హడావుడిగా తయారై, ఆడిన నాలుగు రోజులకే విసుగుపుట్టించే కార్ట్ ఆటలు చాలానే వచ్చాయి. కానీ అభ్యంతరం ఆట చేసిన తీరు మీదా, అసలు ఆ ఆలోచన మీదేనా? ఆలోచన మీదే అయితే నేను ఒప్పుకోలేను.

బలం మాట వచ్చింది కాబట్టి మన నేల మీది బలాన్నే చూద్దాం. మా ఉత్తరాంధ్రకి భీముడంటే చాలా కాలం నుంచీ చనువు. మందస వైపు నుంచి చూస్తే కనిపించే మహేంద్రగిరి మీద కుంతి, ధర్మరాజుల పేర్లతో పాటు భీముడి పేరిట కూడా రాతిగుడి ఉంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో ఎదిగిన కోడి రామమూర్తి నాయుడు గారిని జనం కలియుగ భీముడన్నారు. ఆయన సర్కస్‌లో ఏనుగుని ఛాతీ మీదకి ఎక్కించుకునేవారు, ఒంటికి చుట్టిన ఇనప గొలుసుల్ని తెంచేవారు, రెండు పక్కలకి లాగుతున్న మోటారు కార్లని కదలకుండా పట్టి నిలిపేవారు. భీముడు కారెక్కితే ఏముంటుంది, కారుని ఆపితే కదా భీముడు అని ఆయన్ని తలుచుకున్నవాళ్ళు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ సర్కస్ డేరాలో వేలమంది ఏం చేశారో కూడా చూడాలి. వాళ్ళు చూశారు, అంతే. రామమూర్తి గారితో సమానంగా బరిలోకి దిగగలిగేవాడు ఆ జనంలో ఎవడూ లేడు, ఉండవలసిన అవసరమూ లేదు. అసాధారణమైన బలం చూడవలసిన విషయం. దాని చుట్టూ మనం ప్రేక్షకులుగానే కూర్చోగలం. చోటా భీమ్ సినిమా కూడా అంతే. చివరికి భీముడే గెలుస్తాడని పిల్లవాడికి తెలుసు, తెలిసే చూస్తాడు, ఆ నమ్మకమే ఆ సంతోషానికి ఆధారం. ఆట అలా కాదు. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఆటని రెండోసారి ఎవరూ ఆడరు. కథలో భీముడు గెలిచి తీరాలి కాబట్టే, ఆటలో భీముడు ఓడిపోగలగాలి. చుట్కీని ఎంచుకున్న పిల్ల చుట్కీగానే గెలవగలగాలి. కథ ఇన్నేళ్ళుగా ఆ పాత్రకి ఇవ్వని చోటుని బండి ఇస్తుంది. దీన్ని పాత్రని డొల్ల చేయడమని ఎలా అనగలం? అయినా, మంచి కార్ట్ ఆటల్లో శరీరం పూర్తిగా మాయం కాదు. భారీ పాత్ర బండికి చివరి వేగం ఎక్కువ, పికప్ తక్కువ. చిన్న పాత్ర బండికి పికప్ ఎక్కువ, చివరి వేగం తక్కువ. బలం పోలేదు, మరో రూపంలోకి మారింది. దానికొక ధర కూడా ఏర్పడింది.

ఈ రూపం ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దాని ఉద్దేశం ఇంకా తేటపడుతుంది. జపాన్‌లోని నింటెండో 1992లో సూపర్ మారియో కార్ట్‌ని విడుదల చేసింది. అంతకుముందు 1990లో వాళ్ళదే ఎఫ్-జీరో అనే రేసు ఆట ఉంది. చాలా వేగమైనది, చూడముచ్చటైనది, కానీ ఒక్కరే ఆడాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే తెరమీద పందెం వేసుకునే ఆట చేయాలని ఆ తయారీదారులు అనుకున్నారు. తెరని రెండుగా చీలిస్తే ఆనాటి యంత్రం ఎఫ్-జీరోలో ఉన్నంత పొడవైన, వేగమైన దారుల్ని మోయలేకపోయింది. దాంతో దారులు కురచబడ్డాయి, మలుపులు పెరిగాయి, వేగం తగ్గింది. అలాంటి దారికి తగిన బండి కార్ట్. మొదట్లో అందులో ఓవరాల్స్ తొడుక్కున్న ఎవరో అనామకుడు కూర్చున్నాడు, మారియో ఆ తరవాత వచ్చాడు. ఈ వరస గమనించండి: ముందు ఇద్దరు కలిసి ఆడాలన్న కోరిక, తరవాత బండి, ఆ తరవాతే పేరున్న పాత్ర. కార్ట్ ఆట పుట్టింది వేగం కోసమే అయితే ఎఫ్-జీరో సరిపోయేది. అది తోడు కోసం పుట్టింది.

తోడుగా ఆడాలంటే మరో చిక్కుంది. ఇద్దరిలో ఒకరికి ఆట బాగా వస్తుంది, మరొకరికి రాదు. ఎక్కడైనా ఇంతే. మామూలు రేసులో మొదటి మలుపులో ముందుకి వెళ్ళినవాడు ముందే ఉంటాడు, వెనకబడ్డవాడు ఖాళీ రోడ్డు చూసుకుంటూ నడపాలి. కార్ట్ ఆట దీనికొక ఉపాయం కనిపెట్టింది. దారిలో అక్కడక్కడా తాకితే ఏదో ఒక వస్తువునిచ్చే చోట్లు పెట్టింది. ఆ వస్తువు ఏదన్నది మనం ఎన్నో స్థానంలో ఉన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ముందున్నవాడికి అరటితొక్కలాంటి చిన్నది దొరుకుతుంది. చివర ఉన్నవాడికి కాసేపు ఎవరూ తాకలేని నక్షత్రమో, అందరినీ కుదించే మెరుపో దొరికే అవకాశం ఎక్కువ. 1996లో వచ్చిన మారియో కార్ట్ 64లోనైతే, వెనకనుంచి బయల్దేరి ముందున్నవాణ్ణి వెతుక్కుంటూ పోయే నీలి తాబేటిచిప్పని కూడా చేర్చారు. తరవాత వచ్చిన సినిమా కార్ట్ ఆటలు చాలావరకూ ఈ బాటలోనే నడిచాయి. అరుగు మీద అన్నగారి ఫిర్యాదు దీని గురించే.

ఇప్పుడు ఆ ఫిర్యాదు తూచాలి. సమానులు కానివాళ్ళు ఒకే ఆటకి దిగినప్పుడు ఏం చేయాలన్నది కొత్త సమస్యేం కాదు, దానికి మనుషులు రకరకాల జవాబులు కనిపెట్టారు. ఒకటి, విడదీయడం. మన పక్కనే ఆముదాలవలస మండలం ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుంచి వెళ్ళిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీల్లో పతకం సాధించింది 53 కిలోల విభాగంలో. అందరినీ కలిపి ఒకే బరిలో ఎందుకు నిలబెట్టలేదని, విభాగం ఉంది కాబట్టి ఆ పతకం తక్కువదని ఎవరూ అనరు. గుంటూరు, ప్రకాశం వైపు బండలాగుడు పందేల్లో ఎడ్లని పళ్ళని బట్టి వేరుచేస్తారు. పాలపళ్ళ గిత్తల జతని ఆరుపళ్ళ జత ఎదుట నిలబెట్టే రైతు ఉండడు. ఆటల మీద 1958లో పుస్తకం రాసిన ఫ్రెంచి ఆలోచనాపరుడు రోజె కయ్వా, పోటీ ఆటలో సమానత్వం ఉన్నది కాదనీ, దాన్ని ఆడేవాళ్ళు పనిగట్టుకుని కల్పిస్తారనీ వివరించాడు. మనకి సహజం అనిపించే న్యాయం కూడా ఎవరో ఒకప్పుడు కూర్చుని రాసిన నియమమే. అలాంటప్పుడు చివరివాడికి నక్షత్రం ఇచ్చే నియమం మాత్రమే అసహజం ఎలా అవుతుంది?

విడదీయడంలో ఒక లోటుంది. విడిపోయినవాళ్ళు కలిసి ఆడలేరు. అన్నా చెల్లెళ్ళని రెండు విభాగాలు చేస్తే పందెమే ఉండదు. అందుకే మన వీధులు ఇంకో జవాబు కనిపెట్టాయి. దాగుడుమూతల్లోకో, కుంటాటలోకో ఒక చంటిపిల్ల వెంటపడి వస్తే పెద్దపిల్లలు తోలెయ్యరు, ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. ఆ పిల్ల దొరికినా దొంగ కాదు, అవుటైనా అవుటు కాదు. క్రికెట్లో బుడ్డోడికి నెమ్మదిగా బంతి వేస్తారు, మొదటి బంతికి అవుటైతే అది ట్రయల్ అంటారు. ఎంత మంచి సంప్రదాయం ఇది! ఎవరూ నేర్పకుండా, ఏ పుస్తకంలోనూ రాయకుండా, పిల్లలు పిల్లలకి అందించుకుంటూ వచ్చిన దయ. అయితే దాని హద్దు కూడా చూడాలి. అరటిపండుకి ఓటమి లేదు, గెలుపు కూడా లేదు. ఆ పిల్ల ఆటలో ఉంది, లెక్కలో లేదు. కొంత వయసొచ్చాక ఆ సంగతి ఆ పిల్లకే తెలిసిపోయి, ‘నన్ను కూడా లెక్కపెట్టండి’ అని మొండికేస్తుంది. కార్ట్ ఆట ఇచ్చే జవాబు ఈ రెండింటికీ భిన్నమైనది. అది విడదీయదు, లెక్కలోంచి తీసెయ్యదు కూడా. చెల్లెలి గెలుపు గెలుపే, ఓటమి ఓటమే. ఆమెకి అందిన సాయం అన్న జాలిపడి ఇచ్చింది కాదు, ఆట నియమం ఇచ్చింది. అన్న ఆ స్థానంలో ఉంటే అన్నకీ అదే అందేది. దయకి కృతజ్ఞతగా తలవంచాలి, నియమానికి అక్కర్లేదు. ఈ ఆటల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

అలా అయితే కష్టపడి నేర్చుకున్నవాడికి ఏం మిగిలింది, చివర్న ఉన్నా ఫరవాలేదని పిల్లలు సోమరులైపోరా అని రెండో అభ్యంతరం. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. శ్రమకి ఫలం ఉండాలన్న నమ్మకం పిల్లల్లో నిలబడాలి. కానీ మంచి కార్ట్ ఆట ఆ నమ్మకాన్ని చెరపదు. సాయం కాసేపే ఉంటుంది, తరవాత మలుపు మలుపే. నక్షత్రం అందినా బండిని గోడకి కొట్టినవాడికి అది అక్కరకి రాదు. పైగా గెలుపు ఒక్క పందెంతో తేలదు. సూపర్ మారియో కార్ట్‌లో ఒక కప్పు గెలవాలంటే ఐదు దారుల్లో పందెం వేయాలి, ప్రతి దారిలో మొదటి నలుగురికి 9, 6, 3, 1 చొప్పున పాయింట్లు వస్తాయి. ఒక పందేన్ని అదృష్టం తారుమారు చేయవచ్చు, ఐదింటి మొత్తంలో నేర్పే పైకి తేలుతుంది. తన నేర్పు ఎంతో కచ్చితంగా తెలుసుకోవాలనుకునేవాడికి గడియారంతో పోటీపడే పద్ధతి వేరే ఉంది. అక్కడ వెనకనుంచి వచ్చే చిప్పలుండవు. నేర్పుని ఈ ఆట తుడిచెయ్యలేదు, నేర్పున్నవాడు ఒక్కడే ఆటని ఏలే పరిస్థితిని తీసేసింది. ఎంత నేర్పున్నా ఒక పూట ఓడిపోవలసి రావచ్చని, ఆ ఓటమిలో తన తప్పేమీ లేకపోవచ్చని పదేళ్ళ వయసులో తెలుసుకున్న పిల్లవాడు నష్టపోయాడని నేననుకోను.

ఈ మాట మా జిల్లాల్లో కూర్చుని రాస్తున్నప్పుడు ఆట దగ్గరే ఆగడం కష్టం. మా ప్రాంతానికి వెనకబడ్డది అన్న మాట ఎప్పట్నుంచో అంటుకుని ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నాలతో పాటు రాయలసీమ నాలుగు జిల్లాలకీ వెనకబడిన జిల్లాలుగా ప్రత్యేక సాయమని కేంద్రం ప్రకటించింది, ఏడాదికి జిల్లాకి 50 కోట్ల చొప్పున. ఆ మొత్తం చాలుతుందా, సరిగ్గా ఖర్చయిందా అన్నది వేరే చర్చ. నా మనసు తిరుగుతున్నది ఆ సాయాన్ని మనం చూసే చూపు చుట్టూ. అటు ఇచ్చేవాళ్ళు దాన్ని ఉదారత అనుకుంటారు, ఇటు పుచ్చుకునేవాళ్ళు కొంచెం చిన్నబోతారు, మధ్యలో ఎవరో ఒకరు అన్నగారిలాగే ‘అన్యాయం’ అంటారు. వంశధార, నాగావళి పారే నేలనుంచి పని వెతుక్కుంటూ జనం చెన్నైకీ హైదరాబాదుకీ వెళ్ళిపోవలసి వస్తోందంటే, పరుగు మొదలైన చోటు అందరికీ ఒకటి కాదనే అర్థం. వెనకున్నవాడికి నియమం ప్రకారం, పందెం సాగుతున్నంతసేపూ, అతని గెలుపుని లెక్కలోంచి తీసెయ్యకుండా సాయం అందాలని పిల్లల ఆటే ఒప్పుకుంటుంటే, పెద్దల వ్యవస్థ ఇంకా అరటిపండు దగ్గరే ఎందుకు ఆగిపోయింది? దేశమూ, ఆటా ఒకటి కావు, నిజమే. ఆటలో ఓడినవాడికి ఆకలి వెయ్యదు. ఆ తేడా నా వాదాన్ని బలహీనపరచదు, ఇంకా అవసరమైనదిగా చేస్తుంది.

ఇంతా చెప్పాక నా అనుమానం కూడా చెప్పాలి. కార్ట్ ఆట ఇద్దరి కోసం పుట్టిందన్నాను. ఫోనులోకి వచ్చేసరికి అది ఎక్కువగా ఒక్కరి ఆటైపోయింది. పిల్లవాడి పక్క బండ్లని యంత్రమే నడుపుతుంది, వెనకబడితే ఆ బండ్లు తామే వేగం తగ్గించుకుంటాయి. అక్కడ ఎవరూ ఎవరికీ చోటివ్వలేదు, ఎవరూ ఓటమిని భరించలేదు. చెల్లెలి గెలుపుకి అర్థం వచ్చింది అన్న నిజంగా ఓడిపోయాడు కాబట్టి. యంత్రం ఓడిపోవడానికి సిగ్గుపడదు, కాబట్టి దాని మీద గెలుపులో ఆ బరువు లేదు. ఇంతకన్నా పెద్ద బాధ, సాయాన్ని అమ్ముకోవడం. చాలా ఫోన్ ఆటల్లో మంచి బండి కావాలంటే నాణేలు కావాలి, నాణేలు కావాలంటే ప్రకటన చూడాలి, లేదా డబ్బు కట్టాలి. వెనకున్నవాడికి అందవలసిన నక్షత్రం డబ్బున్నవాడికి అందుతుంది. అప్పుడా ఆట కార్ట్ రూపాన్ని ఉంచుకుని, దాని ఆత్మకి సరిగ్గా ఎదురు తిరిగినట్టే. పాత్రల్ని డొల్ల చేస్తున్నారన్న అభ్యంతరం నేను ఒప్పుకోలేదు కానీ, ఆట ఆలోచనని డొల్ల చేస్తున్నారంటే మాత్రం ఒప్పుకోక తప్పదు.

కాబట్టి పిల్లల చేతిలో ఫోన్ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయే పెద్దల్ని నేను కోరేది, ఆ ఫోన్‌లో ఆట ఎలాంటిదో కూడా చూడమని. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఆడటానికి అందులో వీలుందా? వెనకబడ్డప్పుడు సాయం దారిలో దొరుకుతోందా, అంగట్లో కొనుక్కోవాలా? భీముడూ చుట్కీ ఇద్దరూ నిజంగా గెలవగలరా? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికే ఆట అయితే, అది ఒక సినిమా పేరుని అమ్ముకోవడానికి పుట్టినదే అయినా, పిల్లలకి మంచే చేస్తుంది. తెలుగు నేల మీద పుట్టిన భీముడికి అలాంటి ఆట ఒకటి తయారుచేయగల చేతులు మన దగ్గరే హైదరాబాదులో ఉన్నాయి. దేశమంతా చూసిన బొమ్మని గీయగలిగినవాళ్ళకి, చివరి బండిలో ఉన్న పిల్లని కూడా లెక్కలో ఉంచే పందెం రాయడం అసాధ్యమేం కాదు. ఇక అన్నగారి ఫిర్యాదుకి నా జవాబు ఇది: ఆట నీ చెల్లెలికి సాయం చేసిన మాట నిజం, దానివల్ల నీకు అన్యాయం జరిగిందన్నది నిజం కాదు. ఆ సాయం లేకపోతే ఆమె రెండో పందేనికి కూర్చునేది కాదు, నీకు ఆడటానికి తోడు ఉండేది కాదు. గెలిచేవాడికి కూడా పందెం కొనసాగాలన్న కోరిక ఉంటే, వెనక బండిని పందెంలో నిలిపి ఉంచడం అతని అవసరం కూడా.